అద్దెల పుస్తకం, అగ్గిపుల్ల మనుషులు

షిఫ్టు మారే వేళ కర్మాగార ద్వారం ముందు అయిదు నిమిషాలు ఊరకే నిలబడి చూచినవారు మనలో ఎందరున్నారో చెప్పలేను. ఆ అయిదు నిమిషాలే మనకు తీరిక లేనివి. సైరను మోగిన తరువాత సైకిలు తాళం వెదకుకొనడం, బస్సులో చోటు సంపాదించడం, ఇంటికి తీసుకొని వెళ్ళవలసిన సరుకులు గుర్తు చేసుకొనడం, వీటితోనే సరిపోతుంది. లోపలికి పోయే ప్రవాహం, బయటికి వచ్చే ప్రవాహం ఒకదానినొకటి ఒరుసుకొంటూ సాగే తీరును చూడాలంటే ఆ రెండింటిలోనూ మనం ఉండకూడదు. అలా ఒకనాడు ప్రవాహానికి వెలుపల నిలబడి చూచి, తక్కిన జీవితంలో పెద్ద భాగాన్ని ఆ దృశ్యానికే ధారపోసిన ఇంగ్లీషు చిత్రకారుడు లారెన్స్ స్టీఫెన్ లౌరీ. ఈసారి ఈ శీర్షికకు ఆయనను ఎన్నుకొనడానికి మరొక కారణం కూడా ఉన్నది. ఆయన మనవలె ఉద్యోగి. నలభై రెండు సంవత్సరాలు ఒకే కార్యాలయంలో పనిచేసి, అరవై అయిదవ ఏట పింఛను తీసుకొని విరమించినవాడు.

1916లో ఒక సాయంత్రం. పెండిల్‌బరీ స్టేషనులో ఆయన ఎక్కవలసిన రైలు వెళ్ళిపోయింది. విసుగుతో మెట్లెక్కి పైకి వచ్చేసరికి ఎదురుగా ఆక్మీ నూలుమిల్లు వదిలారు. దీపాలు వెలిగిన కిటికీల వరుసలు, వాటి వెనుక మసక ఆకాశం, గేటులోనుంచి వందల సంఖ్యలో వెలువడుతున్న నల్లని ఆకారాలు. తనను పూర్తిగా వశపరచుకొన్నది ఆ దృశ్యమేనని లౌరీ తరువాతి కాలంలో పలుమార్లు చెప్పాడు. ముదిమిలో కళాకారులు చెప్పే ఇటువంటి జ్ఞానోదయ కథలను నేను కొంత తగ్గించుకొని నమ్ముతాను. రైలు తప్పిపోయినంత మాత్రాన చిత్రకారుడు పుట్టడు. అప్పటికి ఆయన పదకొండు సంవత్సరాలుగా సాయంకాలపు తరగతులలో బొమ్మలు నేర్చుకొంటున్నాడు. పైగా ఆ ఊరిలో కాపురముండడం మొదలై ఏడేళ్ళయింది. ఏడేళ్ళు చూస్తున్నదే ఆనాడు కనిపించింది. ఆ కథలో నాకు నచ్చే భాగం అదే.

లౌరీ 1887 నవంబరు 1న మాంచెస్టరు పొలిమేరలోని స్ట్రెట్‌ఫోర్డులో జన్మించాడు. తండ్రి రాబర్టు ఇళ్ళ క్రయవిక్రయాలూ అద్దెలూ చూచే కార్యాలయంలో గుమాస్తా. తల్లి ఎలిజబెత్ పియానో విద్వాంసురాలు. కచేరీలు చేసే స్థాయి తనకున్నదని నమ్మి, ఆ అవకాశం దక్కక పాఠాలు చెప్పుకొన్న మనిషి. కొంతకాలం ఆ కుటుంబం విక్టోరియా పార్కు అనే చెట్లనీడల పేటలో కాస్త హోదాగా జీవించింది. రాబడి ఆ హోదాకు చాలలేదు. 1909లో వారు అక్కడినుంచి కదలి, నూలుమిల్లులకూ బొగ్గుగనులకూ నెలవైన పెండిల్‌బరీలో స్టేషన్ రోడ్డులోని 117వ నంబరు ఇంటికి మారవలసి వచ్చింది. తల్లి ఆ మార్పును చివరివరకూ క్షమించలేదు. కొడుకు మొదట ఆ ఊరిని అసహ్యించుకొన్నాడు, తరువాత అలవాటుపడ్డాడు, ఆ పైన దానిని విడిచి ఉండలేనివాడయ్యాడు.

సాయంకాలపు చదువు సంగతి కొంచెం చెప్పాలి. 1905లో మాంచెస్టరు మునిసిపల్ కళాపాఠశాలలో చేరిన లౌరీకి అక్కడ లభించిన గురువు అడాల్ఫ్ వాలెట్ అనే ఫ్రెంచివాడు. పారిస్‌లోని ఇంప్రెషనిస్టుల వర్ణలేపన పద్ధతిని మాంచెస్టరు మంచుపొగకూ కాలువలకూ అన్వయించి చిత్రించినవాడాయన. మసిపట్టిన నగరం కూడా చిత్రానికి అర్హమైన వస్తువేనని శిష్యునికి మొదట చూపించినది ఆయనే. వాలెట్ తరువాత సాల్‌ఫోర్డు సాంకేతిక కళాశాలలో కూడా చేరి, లౌరీ 1925 వరకు సాయంకాలపు విద్యార్థిగానే ఉన్నాడు. ఇరవై ఏళ్ళు! ఆయనను చదువురాని సహజ కళాకారుడని పొగడేవారు, అసలు బొమ్మ వేయడమే రాదని తెగడేవారు, ఇరుపక్షాలవారూ ఈ లెక్కను మరచిపోతారు.

పగటి సంగతి వేరు. పదహారు, పదిహేడేళ్ళకే గుమాస్తాగా చేరి, భీమా కార్యాలయంలో పని పోగొట్టుకొని, 1910లో ఆయన పాల్ మాల్ ప్రాపర్టీ కంపెనీలో అద్దెలు వసూలుచేసే ఉద్యోగానికి కుదిరాడు. ఆనాటి ఇంగ్లండులో కార్మికుల ఇళ్ళకు అద్దె వారంవారం కట్టేవారు. అందువల్ల వసూలుదారు వారంవారం గడపగడపకూ వెళ్ళవలసిందే. తలుపు తట్టడం, పుస్తకంలో రాయడం, ఈ వారం లేదన్నవారి మాట వినడం, మళ్ళీ నడవడం. ఆ నడకలో జేబులోని పాత కవరు వెనుకవైపో, చిత్తుకాగితం మీదో పెన్సిలుతో గీసుకొన్న గీతలు రాత్రికి చిత్రాలయ్యేవి. క్రమంగా ఆయన ఆ కంపెనీలో ప్రధాన క్యాషియరయ్యాడు.

ఈ ఉద్యోగం సంగతి ఆయన కళాలోకానికి చెప్పలేదు. పత్రికలవారు ఇంటికి వచ్చినా, లండనులో ప్రదర్శనలు జరిగినా, పగలంతా లెక్కల పుస్తకాలముందు కూర్చుంటున్నానన్న మాట బయటపెట్టలేదు. ఆయన మరణించిన తరువాతనే అది లోకానికి స్పష్టంగా తెలిసింది. దాపరికానికి కారణం ఊహించడం కష్టం కాదు. ఆదివారపు చిత్రకారుడన్న పేరు పడుతుందని భయం. అంటే, వారమంతా మరో పని చేసి సెలవునాడు సరదాకు రంగులు పులిమేవాడని. ఈ పత్రికలో కవితలూ కథలూ రాసే మన మిత్రులకు ఈ భయం కొత్తది కాదనుకొంటాను. బయటి సభలలో మనలను పరిచయం చేసేవారు సాహిత్యం చెప్పి, చివర ‘వృత్తిరీత్యా’ అని కొంచెం గొంతు తగ్గించి ఉద్యోగం చెబుతారు. ఆ తగ్గిన గొంతును లౌరీ జీవితాంతం భయపడ్డాడు.

అయితే ఆ ఉద్యోగమే లేకపోతే ఆ చిత్రాలు ఉండేవా? నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఉండేవి కావు. చూపు సంపాదించి పెట్టినది ఆ నడకే. కాని ఆ చూపులో ఒక చిక్కున్నది. అద్దె వసూలుదారు కార్మికుల పేటలో ఉంటాడు, కాని వారిలోనివాడు కాడు. అతడు వీధి మలుపు తిరగగానే పిల్లలు లోపలికి పరుగెత్తి తల్లికి చెబుతారు. 1928లో ఆయన చిత్రించిన ‘ది రిమూవల్’ చూడండి. అద్దె కట్టలేని కుటుంబపు సామాను వీధిలో పడి ఉన్నది, చుట్టూ జనం గుమిగూడి ఉన్నారు. ఇటువంటి దృశ్యాన్ని దయతో చిత్రించినవారు పలువురున్నారు. అద్దెల పుస్తకం చేతబట్టుకొని చిత్రించినవాడు నాకు తెలిసినంతలో ఈయన ఒక్కడే. అందులో కన్నీరు లేదు, నింద కూడా లేదు. దూరంగా నిలబడి చూస్తున్నవాని నిశ్చలత మాత్రమే ఉన్నది. 1926 నాటి ‘ఆన్ ఆక్సిడెంట్’లో నీటి ఒడ్డున జనం మూగి ఉన్నారు. ఎవరో నీట మునిగి చనిపోయారు; ఆ దేహం మనకు కనిపించదు, మూగిన వీపులే కనిపిస్తాయి. 1935 నాటి ‘ది ఫీవర్ వాన్’లో అంటురోగిని ఆసుపత్రికి తీసుకొనిపోయే బండి వీధిలో ఆగి ఉన్నది. రోగి ఎవరో తెలియదు. ఇరుగుపొరుగువారు తెలుసుకొన్నంతే మనమూ తెలుసుకొంటాం.

ఇక చిత్రణ పద్ధతి. తొలినాళ్ళలో ఆయన చిత్రాలు చీకటిగా ఉండేవి. మాంచెస్టర్ గార్డియన్ పత్రికకు కళావిమర్శకుడైన బెర్నార్డ్ టేలర్ ఆ చిత్రాలను చూచి, నేల, ఆకాశం, మనుషులు అన్నీ ఒకే నలుపులో కలిసిపోతున్నాయని తప్పుపట్టాడు. లౌరీకి కోపం వచ్చింది. కోపంతోనే ఇంటికి పోయి, తెల్లని నేపథ్యం మీద నల్లని మనుషులను వేసి తెచ్చి చూపించాడు. అదే కావలసిందన్నాడు విమర్శకుడు. ఆనాటినుంచి లౌరీ చిత్రాలకు తెలుపే పునాది. చెక్కమీదో గుడ్డమీదో సీసంతో తయారైన ఫ్లేక్ వైట్ పూతలు పూతలుగా పూసి, దానిపై మిగిలినది నిర్మించేవాడు. ఆ తెలుపు ఏళ్ళు గడిచినకొద్దీ మీగడరంగుకూ బూడిదరంగుకూ తిరుగుతుంది. ఎంత కాలానికి ఎంత మారుతుందో తెలుసుకొనడానికి ఒక చెక్కకు రంగుపూసి ఏళ్ళ తరబడి దాచి, ఆ తరువాత కొత్తగా పూసిన మరో చెక్కను పక్కన పెట్టి పోల్చి చూచాడు. తన చిత్రాలకు అసలు రంగు తాను పోయిన తరువాతగాని రాదని ఆయన లెక్క. నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేసే మన సోదరులు ఈ ఓపికను మెచ్చుకొంటారు.

ఆయన వాడినవి అయిదే రంగులు: ఐవరీ బ్లాక్, వెర్మిలియన్ ఎరుపు, ప్రష్యన్ నీలం, యెల్లో ఓకర్, ఫ్లేక్ వైట్. ఇంగ్లండువంటి వానల దేశంలో ఆయన వీధులలో వాన కురవదు, ఎండ కాయదు. మనుషులకు నీడలు పడవు. గడియారంలో వేళ ఎంతయినదీ చెప్పలేని ఒకే రకపు వెలుతురు అంతటా పరచుకొని ఉంటుంది. ఆ తెలుపు మీద అగ్గిపుల్లలవంటి సన్నని నల్లని మనుషులు ముందుకు వంగి, పెద్ద పెద్ద బూట్లతో పోతూ ఉంటారు. అగ్గిపుల్ల మనుషుల చిత్రకారుడన్న పేరు అందుకే వచ్చింది. దగ్గరకు పోయి చూస్తేనే తెలుస్తుంది, ఏ ఇద్దరి నడకా ఒకటి కాదని. ఒకడు కుంటుతున్నాడు, ఒకతె బిడ్డను లాక్కొనిపోతున్నది, ఒక కుక్క ఎవరికీ చెందనట్టు నిలబడి ఉన్నది.

ఈ చిత్రాలు చూచి ఫలానా వీధి ఎక్కడున్నదని వెదకబోయినవారు చాలావరకు భంగపడ్డారు. కొన్ని స్థలచిత్రాలను మినహాయిస్తే తక్కినవి కూర్పు చేసినవి. స్టాక్‌పోర్టులోని రైలువంతెన ఆ ఊరితో నిమిత్తం లేకుండా ఎన్నో చిత్రాలలో ప్రత్యక్షమవుతుంది. పొగగొట్టాలు అవసరమైన చోటికి నడిచివస్తాయి. 1955 నాటి ‘ఇండస్ట్రియల్ లాండ్‌స్కేప్’ అటువంటి కూర్పే. ఖాళీ తెలుపులో ఎక్కడో ఒకచోట మొదలుపెట్టి, ఒకటి పక్కన ఒకటి చేర్చుకొంటూ పోయేవాడు. అయినా లాంకషైరు మనుషులు వాటిని చూచి ఇది మా ఊరేనన్నారు. ఒక్క ఊరూ కానిది అన్ని ఊళ్ళూ అయింది.

ఆ మిల్లులకూ మనకూ ఉన్న సంబంధాన్ని విస్మరించి ఈ చిత్రాలు చూడడం నాకు సాధ్యం కాదు. 1913లో బ్రిటన్ ఎగుమతి చేసిన నూలుబట్ట సుమారు 700 కోట్ల గజాలు. అందులో ఇంచుమించు 300 కోట్ల గజాలు భారతదేశానికే వచ్చింది. మన నేతగాని మగ్గాన్ని మూలపెట్టించినది ఆ బట్టే. విదేశీ వస్త్రదహనాలలో మన పెద్దలు మంటలో వేసినది ఆ బట్టే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత మన మిల్లుల ఉత్పత్తి, జపాను పోటీ, స్వదేశీ ఉద్యమం కలిసి లాంకషైరు మిల్లులను కుంగదీశాయి. 1930లో లౌరీ ‘కమింగ్ ఫ్రమ్ ది మిల్’ చిత్రించాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరులో గాంధీజీ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి, ఆ లాంకషైరులోనే పనులు పోయిన నేతపనివారిని కలుసుకొన్నారు. తమ కూటికి గండికొట్టిన ఉద్యమనాయకుని వారు ఆదరంతో చూడడం చరిత్రలో ఒక వింత. మిల్లునుంచి దిగివస్తున్న ఆ వంగిన భుజాలను చూచినప్పుడు, మన మగ్గాలను ఓడించినవారు వీరా అని ఒక క్షణం అనిపిస్తుంది. వీరు కారని ఆ భుజాలే చెబుతాయి.

1932లో తండ్రి అప్పులు మిగిల్చి మరణించాడు. తల్లి మంచం పట్టింది. కొడుకు తప్ప మరెవరూ తనను చూడడానికి వీలులేదన్నది. పగలు ఉద్యోగం, సాయంత్రం తల్లి సేవ, ఆమె నిద్రించిన తరువాత రాత్రి పది గంటలనుంచి రెండు గంటల వరకు చిత్రలేఖనం. ఆమెకు కొడుకు బొమ్మలు నచ్చలేదు. ఏ ఊరికి దిగజారి వచ్చానని ఆమె కుమిలిందో ఆ ఊరినే ఇంటినిండా వేసి పెడుతున్నాడాయె! 1938లో ఆయన వేసిన ‘హెడ్ ఆఫ్ ఎ మాన్’లో ఎర్రని కళ్ళతో సూటిగా చూస్తున్న ముఖమొకటున్నది. అద్దంలో తనను తాను చూచుకొంటూ మొదలుపెట్టిన ఆ చిత్రానికి వ్యాఖ్యానం అక్కరలేదు.

ఆ ఏడే అదృష్టం తలుపు తట్టింది. పటాలు కట్టే ఒక దుకాణంలో లౌరీ చిత్రాలు లండను చిత్రవర్తకుడు మెక్‌నీల్ రీడ్ కంటబడ్డాయి. 1939లో లెఫెవర్ గ్యాలరీలో లండనులో తొలి ప్రదర్శన జరిగింది. టేట్ గ్యాలరీ ఒక చిత్రాన్ని కొన్నది. అప్పటికి ఆయనకు యాభై ఒకటి. ఆ అక్టోబరులో తల్లి మరణించింది. తరువాతి కాలంలో ఆయనకు ప్రభుత్వం బిరుదులు ఇవ్వజూపింది. 1955 మొదలు 1976 వరకు అయిదుసార్లు, 1968లో సర్ బిరుదుతో సహా, అన్నిటినీ తిరస్కరించాడు. తల్లి లేని తరువాత వాటితో ఏమి పని అన్నది ఆయన ఉద్దేశం.

తల్లి పోయిన తరువాత ఇల్లు పాడుపడింది. యుద్ధకాలంలో మాంచెస్టరు దుకాణాల కప్పుల మీద మంటల కాపలా కాస్తూ, తెల్లవారగానే దిగి, బాంబులకు కూలిన గోడలను పొగలు చల్లారకముందే గీసుకొనేవాడు. కాని తాను ఉండే ఇంటి గోడలను పట్టించుకోలేదు. మరమ్మతులు లేక అది ఎంత చెడిందంటే, 1948లో యజమాని ఆ ఇంటిని స్వాధీనం చేసుకొన్నాడు. అద్దెలు వసూలుచేసి జీవించినవానికి అద్దె ఇంటితో ఈ గతి! డబ్బుకు లోటు లేదు కనుక మాట్రమ్ అనే గ్రామంలో సొంత ఇల్లు కొనుక్కొన్నాడు. ఆ ఇల్లు తనకు నచ్చలేదని అంటూనే చనిపోయేవరకు అందులోనే ఉన్నాడు. అక్కరలేని అతిథి వస్తే గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంచిన పెట్టె చూపి, ఇప్పుడే ఊరికి బయలుదేరుతున్నానని చెప్పేవాడట.

1952 నవంబరులో పదవీ విరమణ. ఇక పగలూ రాత్రీ తనవే. 1953లో ఫుట్‌బాల్ మైదానానికి తరలిపోతున్న జనాన్ని ‘గోయింగ్ టు ది మాచ్’గా చిత్రించాడు. అది బహుశా ఆయన చిత్రాలన్నిటిలోకి ఎక్కువమందికి పరిచితమైనది. కాని ఆ పైన మిల్లులు మెల్లమెల్లగా తప్పుకొన్నాయి. 1960 ప్రాంతంలో దక్షిణ వేల్సు లోయల గనుల ఊళ్ళు కొంతకాలం ఆయనను ఆకర్షించాయి. అవి తప్పితే ఒంటరి మనుషులు, వికలాంగులు, ఓడ అయినా లేని ఖాళీ సముద్రం. పారిశ్రామిక దృశ్యంపై ఆసక్తి పోయిందని ఆయనే ఒప్పుకొన్నాడు. విమర్శకులు దీనికి వయస్సును, లాంకషైరు మిల్లుల మూతను కారణాలుగా చెబుతారు. నేను వాటికి తోడు మరొకటి చేరుస్తాను: ఆ వీధులలో వారంవారం తలుపులు తట్టే పని ఆయనకు అప్పటికి లేదు.

1962లో రాయల్ అకాడమీ సభ్యత్వం వచ్చింది. 1976 ఫిబ్రవరి 23న లౌరీ మరణించాడు. అదే సంవత్సరం అకాడమీ ఏర్పాటుచేసిన ఆయన చిత్రాల ప్రదర్శనకు జనం విరగబడి వచ్చారు. అయినా లండను విమర్శకులలో చాలామంది ఆయనను ప్రాంతీయ చిత్రకారుడనే అరలోనే ఉంచారు. 2013లో టేట్ బ్రిటన్ పెద్ద ప్రదర్శన జరిపేవరకు ఆ అర పూర్తిగా తెరచుకోలేదు.

సాల్‌ఫోర్డు ఓడరేవు 1982లో మూతపడింది. ఆ స్థలంలో 2000లో ఆయన పేరుతోనే కళాకేంద్రం వెలిసింది. 2022లో ‘గోయింగ్ టు ది మాచ్’ వేలానికి వచ్చినప్పుడు ఆ కేంద్రమే 78 లక్షల పౌండ్లకు దానిని దక్కించుకొన్నది. అందులో కనిపించే మైదానం బోల్టన్‌లోని బర్న్‌డెన్ పార్కు. 1999లో దానిని కూల్చివేశారు. చిత్రంలో మాత్రం నాలుగు దిక్కులనుంచీ జనం దానివైపు వంగి నడుస్తూనే ఉన్నారు. వెనుక మిల్లులు నిలిచి ఉన్నాయి. ఎవరికీ నీడ పడడంలేదు.